అంతర్జాతీయ వాణిజ్య, పెట్టుబడుల చట్టంలో ఎల్‌ఎల్‌ఎం: మిర్యాలగూడ నుంచి అడిగిన చెల్లికి జవాబు

చెల్లీ, నీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను, ఇదే సందేహం ఉన్న మిగతావాళ్లకు కూడా పనికొస్తుంది. నీది మిర్యాలగూడ. నాన్న రైస్ మిల్లులో గుమాస్తా. ఇంటర్ దాకా తెలుగు మీడియం, ఇప్పుడు హైదరాబాద్‌లో ఎల్‌ఎల్‌బీ ఆఖరి సంవత్సరం. అంతర్జాతీయ వాణిజ్య, పెట్టుబడుల చట్టంలో మాస్టర్స్ చేయాలని ఉంది. కానీ ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ) పని అయిపోయిందనీ, అమెరికా ఇష్టమొచ్చినట్టు సుంకాలు వేస్తుంటే ఈ చట్టం చదివి లాభమేంటనీ తోటివాళ్లు అంటున్నారు. మేనమామ జడ్జి పరీక్ష రాయమంటున్నారు. విదేశాలకు వెళ్లాలంటే నలభై లక్షల లోను తీసుకోవాలి, లేదంటే రెండెకరాలు అమ్మాలి. ఏం చేయను అక్కా అని అడిగావు.

నా మాట ముందే చెప్పేస్తాను. చదువు, తప్పకుండా చదువు. పొలం మాత్రం అమ్మనివ్వకు. ఎల్‌ఎల్‌బీ అయిన వెంటనే విమానం ఎక్కకుండా రెండు మూడేళ్లు పని చేసి, ఆ తర్వాత వెళ్లు. ఎక్కడ చదివినా నీకు బాగా తెలిసిన ఒక సరుకును పట్టుకుని చదువు. నేను జడ్చర్ల వైపు మనిషిని. చాలా ఏళ్లు ఢిల్లీలో యాంటీ డంపింగ్ కేసులు, అంటే విదేశీ సరుకును ఇక్కడ మరీ చవకగా అమ్మడం మీద వేసే కేసులు చూశాను, ఇప్పుడు హైదరాబాద్‌లో ఎగుమతిదారులకు సలహాలిస్తూ ఎల్‌ఎల్‌ఎం పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఈ రంగంలో నిలబడినవాళ్లను, మధ్యలో వదిలేసినవాళ్లను దగ్గర నుంచి చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

అన్నిటికంటే ముందు ఒకటి తెలుసుకో. ఈ కోర్సు పేరు ఒకటే కానీ లోపల ఉన్నవి రెండు వేర్వేరు వృత్తులు. వాణిజ్య చట్టంలో కేసు వేసేది దేశం, వేయించుకునేది కూడా దేశమే. మిర్యాలగూడ మిల్లర్‌కు ఎంత అన్యాయం జరిగినా తను నేరుగా డబ్ల్యూటీఓకు వెళ్లలేడు, ఢిల్లీలో వాణిజ్య శాఖను ఒప్పించాలి. గెలిచినా నష్టపరిహారం రాదు, తప్పు చేసిన దేశం ఇకమీదట తన విధానం మార్చుకోవాలి, అంతే. పెట్టుబడుల చట్టంలో కంపెనీయే నేరుగా దేశం మీద కేసు వేస్తుంది. తీర్పు చెప్పేది కోర్టు జడ్జిలు కాదు, ఆ ఒక్క కేసు కోసం ఇరుపక్షాలూ ఎంచుకున్న ఆర్బిట్రేటర్లు, అంటే మధ్యవర్తులు. గెలిస్తే కోట్ల డాలర్ల పరిహారం వస్తుంది. మొదటిదానికి ఆర్థిక శాస్త్రం, లెక్కలు, ప్రభుత్వం పనిచేసే తీరు తెలియాలి. రెండోదానికి ఆర్బిట్రేషన్, సివిల్ ప్రొసీజర్, సాక్ష్యం మీద పట్టు ఉండాలి. మొదటి సెమిస్టర్‌లో రెండూ చదువు, రెండో సెమిస్టర్‌కల్లా ఏది నీదో తేల్చుకో. తేల్చుకోకుండా చివరిదాకా రెండిటి మధ్యా తిరిగినవాళ్లు ఉద్యోగం వెతుక్కునేటప్పుడు ఇబ్బంది పడటం చూస్తున్నాను.

సరుకు పట్టుకుని చదవమన్నాను కదా, నీ సంగతే తీసుకుందాం. 2023 జులై 20న కేంద్రం బాస్మతీయేతర తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. ఆగస్టు 25న బాయిల్డ్ రైస్ మీద 20 శాతం ఎగుమతి సుంకం వేసింది. అప్పుడు మీ ఊళ్లో మిల్లర్లు ఏం మాట్లాడుకున్నారో నాకంటే నీకే బాగా తెలుసు. ఇప్పుడు ఆ రెండు ఉత్తర్వులను పక్కపక్కన పెట్టి, సరుకుల వాణిజ్యం మీద డబ్ల్యూటీఓ మూల ఒప్పందమైన గాట్‌లోని 11వ అధికరణ తీసి చదువు. ఎగుమతుల మీద నిషేధాలు, పరిమితులు పెట్టకూడదు అంటుంది. వెంటనే సుంకాలు, పన్నులు, ఇతర రుసుములకు ఇది వర్తించదు అంటుంది. అంటే తెల్ల బియ్యం నిషేధం ఈ అధికరణ కిందికి వస్తుంది, బాయిల్డ్ మీద సుంకం రాదు. ఎగుమతిదారుకు రెండూ దెబ్బే, చట్టం చూపులో మాత్రం రెండూ వేరు.

అక్కడితో అయిపోలేదు. అదే అధికరణలో ఒక మినహాయింపు ఉంది. ఆహార పదార్థాల తీవ్ర కొరతను నివారించడానికి తాత్కాలికంగా నిషేధం పెట్టొచ్చు. మరి తాత్కాలికం అంటే ఎన్నాళ్లు? తెల్ల బియ్యం నిషేధాన్ని 2024 సెప్టెంబరు ఆఖరున గానీ ఎత్తలేదు. తీవ్ర కొరత అనాలంటే గోదాములు ఏ స్థితిలో ఉండాలి? 2023 జులైలో కేంద్రం దగ్గర బియ్యం నిల్వలు బఫర్ పరిమితి కంటే ఎక్కువగానే ఉన్నాయి. అదే సమయంలో ఎల్‌నినో భయం ఉంది, ధరలు పెరుగుతున్నాయి. చైనా ముడి ఖనిజాల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టిన కేసులో 2012లో డబ్ల్యూటీఓలో అప్పీళ్లు వినే అప్పిలేట్ బాడీ ఈ పదాలకు అర్థం చెప్పింది. ఆ అర్థంలో మన నిషేధం ఇముడుతుందా? ఇంకో మెలిక కూడా ఉంది. నిషేధం ఉండగానే ఆహార భద్రత పేరుతో అడిగిన కొన్ని దేశాలకు ప్రభుత్వం అనుమతులిచ్చింది. వీళ్లకిచ్చి వాళ్లకెందుకు ఇవ్వలేదని ఇంకో దేశం అడిగితే ఆంక్షల్లో దేశాల మధ్య వివక్ష చూపకూడదనే గాట్ 13వ అధికరణ ముందుకొస్తుంది. డబ్ల్యూటీఓ వ్యవసాయ ఒప్పందంలో 12వ అధికరణ కింద ముందుగా నోటీసు ఇవ్వాలన్న నిబంధన ఉంది. అభివృద్ధి చెందుతున్న దేశాలకు దాన్నుంచి మినహాయింపు ఉన్నా, ఆ సరుకును నికరంగా ఎగుమతి చేసే దేశానికి ఆ మినహాయింపు దొరకదు. బియ్యంలో మనం నికర ఎగుమతిదారులం.

చూశావా, ఒక్క నోటిఫికేషన్‌లో ఎన్ని ప్రశ్నలున్నాయో! నీ తోటి విద్యార్థి ఎవరైనా ఈ అధికరణలు కంఠతా పడతారు. దొడ్డు వడ్లు బాయిల్డ్‌కు ఎందుకు పోతాయో, యాసంగి వడ్లు ముడి బియ్యం పట్టిస్తే నూకలు ఎందుకు ఎక్కువ వస్తాయో, ఎఫ్‌సీఐ బాయిల్డ్ వద్దన్నప్పుడు మిల్లులో ఏం జరుగుతుందో వాళ్లకు తెలియదు. నీకు తెలుసు. వడ్ల మద్దతు ధర కేసులోనూ అంతే. వడ్లకు ఇచ్చే మద్దతు ఉత్పత్తి విలువలో 10 శాతం దాటకూడదని మనకున్న పరిమితి. ఆ మద్దతును లెక్కగట్టే పద్ధతిలో ఈనాటి మద్దతు ధర లోంచి తీసేసేది 1986-88 నాటి అంతర్జాతీయ ధరను. అప్పటి నుంచి ధరలన్నీ పెరిగినా ఆ అంకె కదలదు. అందుకే కాగితం మీద సబ్సిడీ పెద్దదిగా కనిపిస్తుంది. 2018-19లో బియ్యం విషయంలో మనం ఆ 10 శాతం దాటామని భారత్ స్వయంగా 2020లో తెలియజేసి, 2013లో డబ్ల్యూటీఓ బాలి సమావేశంలో సంపాదించిన శాంతి నిబంధనను, అంటే పరిమితి దాటినా కేసు పడకుండా కాపాడే నిబంధనను వాడుకుంది. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వం సన్నాలకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఇస్తోంది కదా. రాష్ట్రం తన సొంత బడ్జెట్ నుంచి ఇచ్చే ఆ బోనస్ ఈ లెక్కలో ఎక్కడ పడుతుంది? దీని మీద నువ్వు డిసర్టేషన్ రాస్తే నేను కూర్చుని మొత్తం చదువుతాను.

వరి ఒక్కటే కాదు, మన జిల్లాలు చాలా ఇస్తాయి. పాలమూరు పల్లీలు యూరప్‌కు పోవాలంటే, నేరుగా తినే పల్లీల్లో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం మొత్తం కిలోకు 4 మైక్రోగ్రాములు మించకూడదు. ఆ హద్దుకు శాస్త్రీయమైన ఆధారం ఉందా అన్నది ఆహార భద్రత, మొక్కల ఆరోగ్య ప్రమాణాల మీద ఉన్న ఎస్‌పీఎస్ ఒప్పందం అడిగే ప్రశ్న. పోచంపల్లి ఇక్కత్, పుట్టపాక తేలియా రుమాలు, గద్వాల, నారాయణపేట చీరలు అన్నిటికీ మన దేశంలో భౌగోళిక గుర్తింపు ఉంది. కానీ మేధో సంపత్తి హక్కుల మీద ఉన్న ట్రిప్స్ ఒప్పందంలో 23వ అధికరణ గట్టి రక్షణ ఇచ్చేది వైన్లకు, మద్యాలకు మాత్రమే. చీరలకు దక్కేది 22వ అధికరణలోని బలహీనమైన రక్షణ. ఈ తేడాను తీసేయాలని మన దేశం ఏళ్ల తరబడి అడుగుతూనే ఉంది. నాకు ఇది ఇప్పటికీ మనసుకు బాధ కలిగించే విషయం.

ఇక జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి). అక్కడ మందుల కంపెనీలున్నాయి. అమెరికా 2018లో మన సెజ్ పథకం మీద, ఇంకా కొన్ని ఎగుమతి ప్రోత్సాహకాల మీద డబ్ల్యూటీఓలో కేసు వేసింది. తలసరి ఆదాయం వరుసగా మూడేళ్లు 1000 డాలర్లు దాటేదాకా పేద దేశాలకు ఎగుమతి సబ్సిడీలు ఇచ్చుకునే వీలుంది, దాన్ని 1990 నాటి డాలర్ విలువతో లెక్క కడతారు. మనం ఆ గీత దాటేశాం. దాటాక కూడా ఎనిమిదేళ్ల గడువు ఉంటుందని భారత్ వాదించింది. కేసు విన్న డబ్ల్యూటీఓ ప్యానెల్ ఒప్పుకోలేదు, 2019 అక్టోబరు 31న చాలావరకు మనకు వ్యతిరేకంగా చెప్పింది. నవంబరులో మనం అప్పీలు చేశాం. డిసెంబరు 11 నాటికి అప్పిలేట్ బాడీలో కేసు వినడానికి సరిపడా సభ్యులు లేకుండా పోయారు. ఆ అప్పీలు అక్కడే ఆగిపోయింది.

మీ క్లాసులో అంటున్న మాటకు మూలం ఇక్కడే ఉంది. అప్పిలేట్ బాడీలో ఏడుగురు ఉండాలి, కొత్తవాళ్ల నియామకాన్ని అమెరికా అడ్డుకుంటూ వచ్చింది. అప్పటి నుంచి ఓడిపోయిన దేశం అప్పీలు చేస్తే చాలు, కేసు ముందుకు కదలదు. చెరకు సబ్సిడీల కేసులో మనం కూడా అదే చేశాం. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి తీసుకెళ్లినప్పుడు ఆ చట్టం ఎక్కడుందని అందరూ అడిగారు. అడగడం న్యాయమే. ఈ వ్యవస్థకు పెద్ద దెబ్బ తగిలింది, దాన్ని చిన్నగా చేసి నీకు చెప్పను.

కానీ పని మాత్రం తగ్గలేదు, చోటు మారింది. యూఏఈతో సమగ్ర వాణిజ్య ఒప్పందం 2022 మే 1 నుంచి అమల్లో ఉంది, ఆస్ట్రేలియాతో అదే ఏడాది డిసెంబరు నుంచి. స్విట్జర్లాండ్, నార్వే ఉన్న ఎఫ్‌టా దేశాలతో 2024 మార్చిలో సంతకాలయ్యాయి, బ్రిటన్‌తో 2025 జులైలో. ప్రతి ఒప్పందంలో సరుకు ఎక్కడ పుట్టిందో తేల్చే నియమాలు చాలా పేజీలు ఉంటాయి. ఆ నియమం తప్పితే ఎగుమతిదారుకు రాయితీ రాదు. నా దగ్గరకు ఈ మధ్య వచ్చే పని ఎక్కువగా ఇదే. సరుకు తయారీలో వెలువడిన కార్బన్‌ను బట్టి దిగుమతుల మీద యూరప్ తెచ్చిన కార్బన్ సరిహద్దు పన్ను ఇంకొకటి. కాబట్టి డబ్ల్యూటీఓ వివాదాలు మాత్రమే నేర్పే కోర్సును ఎంచుకోకు. స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాలు, కస్టమ్స్, ట్రేడ్ రెమెడీస్ నేర్పుతారా అన్నది సిలబస్‌లో చూడు.

ట్రేడ్ రెమెడీస్ గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మన దేశంలో ఈ చదువుకు జీతం ఇచ్చే పని ప్రధానంగా అక్కడే ఉంది. ఢిల్లీలో వాణిజ్య శాఖ కింద డీజీటీఆర్ అనే సంస్థ ఉంది. విదేశీ కంపెనీ తన దేశంలో అమ్మే ధర కంటే తక్కువకు ఇక్కడ అమ్ముతుంటే, దానివల్ల మన పరిశ్రమ నష్టపోతుంటే, యాంటీ డంపింగ్ సుంకం వేయమని అది సిఫారసు చేస్తుంది. వేసేది ఆర్థిక శాఖ. అప్పీలు కస్టమ్స్, పరోక్ష పన్నుల ట్రిబ్యునల్ అయిన సెస్టాట్‌కు వెళుతుంది.

ఊహకు ఒక కేసు తీసుకో. మందుల తయారీలో వాడే ఒక ఇంటర్మీడియట్ రసాయనం చైనా నుంచి చవకగా వస్తోంది. చౌటుప్పల్‌లో దాన్ని తయారుచేసే ఫ్యాక్టరీ సుంకం వేయమని అర్జీ పెడుతుంది. జడ్చర్లలో దాన్ని కొని మందు చేసే ఫ్యాక్టరీ వద్దని వాదిస్తుంది. అర్జీదారుకు దేశంలోని మొత్తం ఉత్పత్తిలో కనీసం 25 శాతం ఉండాలి, సమర్థించేవాళ్ల ఉత్పత్తి వ్యతిరేకించేవాళ్ల ఉత్పత్తి కంటే ఎక్కువ ఉండాలి. కంపెనీ అసలు అంకెలు అవతలి వకీలుకు చూపించరు. మొదటి సంవత్సరాన్ని 100 అనుకుని, మిగతా సంవత్సరాలను దానితో పోల్చి రాసిన పట్టిక ఇస్తారు. 100, 96, 81, 74. లాభం పడిపోతోందని అర్జీదారు అంటాడు. ఎందుకు పడిపోతోంది? చైనా సరుకు వల్లా, కొత్త యంత్రాలకు తెచ్చిన అప్పు మీద వడ్డీ వల్లా, కరెంటు ఖర్చు వల్లా? అవతలి పక్షం తరఫున కూర్చున్నప్పుడు ఆ నాలుగు అంకెల వెనక ఏముందో పట్టుకోవడమే నీ పని. బ్యాలెన్స్ షీటు చదవడం రాని వకీలు ఇక్కడ ఏమీ చేయలేడు. నాన్న మిల్లు లెక్కలు రాస్తారన్నావు కదా, ఈ సెలవుల్లో ఆయన దగ్గర కూర్చుని సరుకు ఖర్చు ఎలా కడతారో నేర్చుకో. ఎల్‌ఎల్‌ఎంలో అది ఎవరూ చెప్పరు.

పెట్టుబడుల వైపు మనసు లాగితే మన దేశం కథ తెలియాలి. 1989లో వైట్ ఇండస్ట్రీస్ అనే ఆస్ట్రేలియా కంపెనీ కోల్ ఇండియాతో ఒప్పందం చేసుకుంది. తగాదా వచ్చి ఆర్బిట్రేషన్‌లో గెలిచింది, 2002లో. ఆ అవార్డును, అంటే ఆర్బిట్రేటర్ల తీర్పును అమలు చేయించుకోవడానికి మన కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి, చివరికి భారత్-ఆస్ట్రేలియా పెట్టుబడి ఒప్పందం కింద దేశం మీదే కేసు వేసింది. ఆ ఒప్పందంలో లేని హక్కును భారత్-కువైట్ ఒప్పందం నుంచి అరువు తెచ్చుకుని 2011లో గెలిచింది. మన కోర్టుల్లో ఆలస్యమే దేశం చేసిన తప్పుగా తేలింది! తర్వాత వోడాఫోన్, కెయిర్న్ పాత తేదీతో వేసిన పన్ను మీద 2020లో గెలిచాయి. 2021 ఆగస్టులో ప్రభుత్వం ఆ పన్ను చట్టాన్ని వెనక్కి తీసుకుంది.

ఈ లోపు 2015లో కొత్త నమూనా ఒప్పందం రాసుకుని, పాత ఒప్పందాలను చాలావరకు రద్దు చేసుకున్నాం. కొత్త నమూనాలో పన్నుల వివాదాలకు చోటు లేదు, ఇతర ఒప్పందాల నుంచి హక్కులు అరువు తెచ్చుకునే వీలు లేదు, ముందు అయిదేళ్లు మన కోర్టుల్లో ప్రయత్నించాలి. 2024లో అమల్లోకి వచ్చిన యూఏఈ పెట్టుబడి ఒప్పందంలో ఆ అయిదేళ్లను మూడేళ్లకు తగ్గించాం. మొదట ఎందుకంత కఠినంగా ఉన్నాం, ఇప్పుడెందుకు సడలిస్తున్నాం అన్నది మంచి పరిశోధన ప్రశ్న. నిస్సాన్ కేసు కూడా చదువు. తమిళనాడు ప్రభుత్వం ఇస్తానన్న రాయితీలు ఇవ్వలేదని ఆ కంపెనీ భారత్-జపాన్ ఒప్పందం కింద దేశం మీద కేసు వేసింది, 2020లో రాజీ అయింది. మాట ఇచ్చింది రాష్ట్రం, జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది దేశం. మన రాష్ట్రంలో ఫ్యాక్టరీలకు ఇచ్చే హామీల పత్రాలు రాసేవాళ్లు కూడా ఈ కేసు తెలుసుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

అయితే పెట్టుబడి ఆర్బిట్రేషన్‌లో పని పారిస్, లండన్, జెనీవా, సింగపూర్ లాంటి చోట్ల పెద్ద ఫర్ముల చేతుల్లో ఉంటుంది. పెట్టుబడి వివాదాల ఆర్బిట్రేషన్ కోసం ఉన్న ఇక్సిడ్ ఒప్పందంలో మన దేశం చేరలేదు కూడా. ఆ ఫర్ముల్లో మొదటి అడుగు పెట్టడం కష్టం. ఈ దారి ఎంచుకుంటే దేశీయ ఆర్బిట్రేషన్ పని చేసి ఉండటం నీకు ఆసరా అవుతుంది.

ఎక్కడ చదవాలి? మన దేశంలో అయితే జాతీయ లా విశ్వవిద్యాలయాల్లో ఏడాది ఎల్‌ఎల్‌ఎం ఉంది, క్లాట్ పీజీ రాయాలి, సాధారణంగా డిసెంబరులో జరుగుతుంది. ఉస్మానియా, కాకతీయలకు రాష్ట్ర ప్రవేశ పరీక్ష పీజీఎల్‌సెట్. ఇక్కడ చదివితే శామీర్‌పేటలోని నల్సార్ నీకు దగ్గర. అయితే పేరు చూసి ఆగిపోకుండా వాణిజ్య చట్టం చెప్పే అధ్యాపకులు ఆ ఏడాది ఎంతమంది ఉన్నారు, ఏం రాశారు అని చూడు. ఒక మంచి అధ్యాపకురాలు సెలవులో ఉంటే ఆ స్పెషలైజేషన్ కాగితం మీదే ఉంటుంది. ఢిల్లీలో ఐఐఎఫ్‌టీ దగ్గర వాణిజ్య శాఖ పెట్టిన రెండు కేంద్రాలున్నాయి, సెంటర్ ఫర్ డబ్ల్యూటీఓ స్టడీస్, సెంటర్ ఫర్ ట్రేడ్ అండ్ ఇన్వెస్ట్‌మెంట్ లా. ఒప్పందాల చర్చలకు, కేసులకు ప్రభుత్వానికి కావాల్సిన పని అక్కడ జరుగుతుంది. అక్కడ ఇంటర్న్‌షిప్ లేదా రీసెర్చ్ ఉద్యోగం దొరికితే, చాలా విదేశీ డిగ్రీల కంటే అదే ఎక్కువ నేర్పుతుందని నా అభిప్రాయం.

విదేశాల్లో ఈ విషయానికే పేరున్నవి బెర్న్‌లోని వరల్డ్ ట్రేడ్ ఇన్‌స్టిట్యూట్, జెనీవా గ్రాడ్యుయేట్ ఇన్‌స్టిట్యూట్, బార్సిలోనాలో ఐఈఎల్‌పీఓ కోర్సు, ఆమ్‌స్టర్‌డామ్, వాషింగ్టన్‌లో జార్జ్‌టౌన్. బెర్న్ కోర్సులో చట్టంతో పాటు ఆర్థిక శాస్త్రం కూడా నేర్పుతారు, వాణిజ్యం వైపు వెళ్లేవాళ్లకు అది నాకు బాగా నచ్చిన పద్ధతి. వివాద పరిష్కారమే కావాలంటే జెనీవాలో మిడ్స్ అనే కోర్సు ఉంది. అమెరికాలో పేరున్న లా స్కూళ్లలో ట్యూషన్ ఫీజే 70 వేల డాలర్లు దాటుతుంది. దానికి ఇల్లు, తిండి, ఇన్సూరెన్స్ కలుపు. ఆ చదువు అయ్యాక అక్కడే ఉద్యోగం దొరుకుతుందన్న లెక్కతో లోను తీసుకోకు. ఇండియా తిరిగొచ్చి ఇక్కడి మొదటి జీతంతో ఈఎంఐ కట్టగలనా అని లెక్క వేసుకుని, కట్టగలిగినంతే తీసుకో. పొలం అమ్మొద్దన్నది కూడా అందుకే. ఈ రంగంలో మొదటి నాలుగైదేళ్లు జీతం నెమ్మదిగా పెరుగుతుంది. అప్పుడు వెనక ఇంటి భూమి ఉందన్న ధైర్యం నీకూ, నాన్నకూ అవసరం.

స్కాలర్‌షిప్‌లు చూడు. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే విద్యానిధి, మైనారిటీలకు ముఖ్యమంత్రి పేరుతో ఉన్న పథకం కింద 20 లక్షల వరకు ఇస్తారు. కుటుంబ ఆదాయ పరిమితి ఉంటుంది. ఏ దేశాలు, ఏ సబ్జెక్టులు వర్తిస్తాయో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో ఉంటుంది, యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టకముందే అది చదువు. బ్రిటన్‌కు చెవెనింగ్ స్కాలర్‌షిప్ ఉంది, దానికి రెండేళ్ల పని అనుభవం కావాలి. ముందు పని చేయమని నేను చెప్పడానికి ఇదొక కారణం. బెర్న్, బార్సిలోనా లాంటి చోట్ల ఫీజు తగ్గించమని నేరుగా అడగొచ్చు, మొహమాటపడకు.

తెలుగు మీడియం గురించి నువ్వు పడే టెన్షన్ నాకు తెలుసు, చాలామంది విద్యార్థుల్లో చూస్తున్నాను. ఇక్కడ కావాల్సింది గడగడా మాట్లాడే ఇంగ్లిష్ కాదు, ఒప్పందంలో ఒక వాక్యాన్ని కామా దగ్గర ఆగి చదవగలిగే ఓపిక. డబ్ల్యూటీఓ వెబ్‌సైట్‌లో ప్రతి కేసుకు చిన్న సారాంశం ఉంటుంది. ముందు అది చదువు, తర్వాత ప్యానెల్ నివేదికలో ఒకే ఒక్క వివాదాంశం ఎంచుకుని, ఇరుపక్షాలు ఏమన్నాయి, ప్యానెల్ ఏమంది, ఎందుకంది అని ఒక పేజీలో నీ మాటల్లో ఇంగ్లిష్‌లో రాయి. మొదట మన దేశం కేసులు తీసుకో. సౌర ఫలకాలు, రొయ్యలు-తాబేళ్లు, బెడ్ లినెన్, కోళ్ల దిగుమతి. కొన్నింట్లో గెలిచాం, కొన్నింట్లో ఓడాం, రెండూ చదువు. డబ్ల్యూటీఓ ఆన్‌లైన్ కోర్సులు ఉచితం. పెట్టుబడి కేసుల అవార్డులు ఇటాలా సైట్‌లో, ఒప్పందాలు అంక్టాడ్ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మీ కాలేజీ నుంచి వాణిజ్య చట్టం మీద జరిగే జాన్ జాక్సన్ మూట్ (నమూనా కోర్టు పోటీ)కు గానీ, పెట్టుబడుల మీద జరిగే ఎఫ్‌డీఐ మూట్‌కు గానీ జట్టు వెళ్లే అవకాశం ఉంటే, రీసెర్చర్‌గా అయినా చేరు.

దరఖాస్తులో రాసే వ్యాసంలో ప్రపంచీకరణ గురించి పెద్ద మాటలు వద్దు. మిర్యాలగూడలో బాయిల్డ్ మీద సుంకం వేసిన నెలలో ఏం జరిగిందో నువ్వు చూసింది రాయి, దాన్లోంచి నీ చట్టపరమైన ప్రశ్నను తీయి. అలాంటి దరఖాస్తు ఎంపిక చేసేవాళ్ల చేతికి తరచూ రాదు.

ఇక మేనమామ మాట. ఆయన చెప్పింది తీసిపారేయకు. కాకపోతే 2025 మే 20న సుప్రీంకోర్టు సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు నిబంధనను మళ్లీ తెచ్చింది. కాబట్టి ఎల్‌ఎల్‌బీ అవగానే ఆ పరీక్ష రాయడం ఎలాగూ కుదరదు, ఆయనకు ఈ సంగతి నెమ్మదిగా చెప్పు. ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచే ప్రాక్టీసు లెక్కలోకి వస్తుంది కనుక, రిజల్ట్ రాగానే ఆలస్యం చేయకుండా తెలంగాణ బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అవ్వు, ఆ తర్వాత బార్ పరీక్ష రాయి. హైదరాబాద్‌లో సెస్టాట్ బెంచ్ ఉంది, ఎగుమతి, దిగుమతుల అనుమతులు చూసే డీజీఎఫ్‌టీ కార్యాలయం ఉంది. కస్టమ్స్, పరోక్ష పన్నుల పని చూసే సీనియర్ దగ్గర చేరితే జడ్జి పరీక్ష దారీ తెరిచే ఉంటుంది, ఈ దారీ తెరిచే ఉంటుంది. చేరేటప్పుడు సీనియర్‌ను ఒక్కటి అడుగు, తన దగ్గర ఎగుమతిదారుల ఫైళ్లు ఉన్నాయా, నిన్ను వాటిలో పెడతారా అని. మొదటి ఆరు నెలలు వాయిదాలు తీసుకోవడమే నీ పని అయితే ఇంకో ఆఫీసు వెతుక్కో.